రుచి యెఱిగిన నాలుక: బీరుపరీక్షయు, మన కల్లును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దమంజరియు, అమరకోశమును చెప్పిన పంతులు ఈ వేదికనెక్కి బీరును గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగా తోచవచ్చును. "ఈ వయసున పంతులుగారికి ఇదేమి వ్యసనము?" అని నవ్వువారును ఉందురు. నేను త్రాగుడును బోధించుటకు రాలేదని వారికి ముందుగానే మనవి చేసెదను. చరకసంహితయందు చికిత్సాస్థానమున మదాత్యయప్రకరణము కలదు. విధి నెఱిగి, మాత్ర నెఱిగి, కాలము నెఱిగి సేవింపబడిన మద్యము అమృతతుల్యమనియు, అట్లుగానిది విషతుల్యమనియు అందలి యభిప్రాయము. ఆ "ఎఱుగుట" యను మాటయే నేటి నా విషయము. నాలుకయు, ముక్కును, మనస్సును ఒక్కచోట నిలిపి ఒక పానీయమును పరీక్షించుట, పదిమంది కూడి ఒకదానితో నొకటి పోల్చి చూచుట, చూచినదానిని మాటలలో చెప్పుట: ఈ విద్యను బీరుకాచువారు మిక్కిలి శ్రద్ధతో పెంపొందించినారు. తరతరములుగా కల్లు గీయుచున్న మనము దానిని వారివద్ద నేర్చుకొనవలసియున్నదని నా మనవి.

ముందుగా బీరనగా నేమో చూతము. యవధాన్యమును నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడిమిచే కాచినదానికి మాల్టని పేరు. దానిని నలుగగొట్టి వేడినీటిలో ఉంచినచో తియ్యని రసము దిగును. ఆ రసమును హాప్ అను తీగెయొక్క పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు చేర్చినయెడల, అందలి చక్కెర మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మాఱును. ఈస్టునకు సంస్కృతమున కిణ్వమను పేరు చాల ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమందే కిణ్వము ప్రస్తావింపబడినది. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయభేదములును అందు చెప్పబడినవి. పేరు పెట్టి భేదము చెప్పుట మన పెద్దలకు తెలియని విద్య కాదు.

బీరునందలి ద్రవ్యములు నాలుగే: నీరు, మాల్టు, హాప్, ఈస్టు. వాని కూర్పుచే పుట్టు భేదములు మాత్రము నూటికి పైబడియున్నవి. 1842వ సంవత్సరమున బొహీమియాలోని పిల్సెన్ నగరమున మొదట కాచిన బంగారువన్నె బీరు ఒకటి. నేడు ప్రపంచమున మిక్కిలిగా అమ్ముడుపోవు బీరులు దాని సంతతివే. మాడ వేయించిన యవలతో కాచిన నల్లని స్టౌటు మఱియొకటి. బవేరియాదేశపు గోధుమబీరునందు అరటిపండు వాసనయు, లవంగపు వాసనయు తోచును. అందు అరటియు లేదు, లవంగమును లేదు. అవి యీస్టు పుట్టించిన పరిమళములే. ఇండియా పేల్ ఏల్ అను బీరు మన దేశముపేరనే వెలసినది. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమందున్న ఇంగ్లీషువారికై లండనునందును, బర్టన్‌నందును కాచి ఓడలకెక్కించిన బీరు చెడకుండుటకై హాప్ పువ్వులను అధికముగా వేయుచుండిరి. ఆ చేదే క్రమముగా దానికి గుణమై, పేరై నిలిచెను.

ఇట్టి భేదములు ఇరువదవ శతాబ్దమున చాలవఱకు నశించు స్థితికి వచ్చినవి. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధము నడచెను. అటుపిమ్మట పెద్ద కంపెనీలు చిన్నవానిని మ్రింగివేసెను. ఎవరిది త్రాగినను ఒక్కటే పలుచని రుచి. అట్టి కాలమున 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనునతడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూతపడబోవుచున్న యాంకర్ బ్రూవరీలో భాగము కొని నిలబెట్టెను. 1976లో జాక్ మెకాలిఫ్ కాలిఫోర్నియాలోని సొనోమాయందు న్యూ ఆల్బియన్ అను చిన్న బ్రూవరీని స్థాపించెను. 1978లో ప్రెసిడెంటు కార్టరు సంతకము చేసిన శాసనముచే, ఇంటివాడకమునకు బీరు కాచుకొనుట నేరము కాకుండ పోయెను. వడ్రంగులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు తమ ఇండ్లలోనే కాచి, ఒకరిది ఒకరు రుచి చూచి, బాగోగులు చెప్పుకొనసాగిరి. వారిలోనుండియే క్రాఫ్టు బీరు చేయువారు అనేకులు బయలుదేరిరి. 1970 దశకపు తుదిని నూటికి లోపుగానున్న బ్రూవరీలు నేడు ఆ దేశమున తొమ్మిదివేలకు పైగా నున్నవి. మన హైదరాబాదునందును 2015 నాటి నియమముల పిమ్మట ఇట్టి చిన్న బ్రూవరీలు వెలసినవి.

నాలుక జ్ఞాపకముచే ఒక పానీయము చచ్చి బ్రతికిన కథ యొకటి చెప్పెదను. బెల్జియము దేశమున హూగార్డెన్ అను ఊరు కలదు. గోధుమలు, ధనియాలు, నారింజతొక్కలు చేర్చి తెల్లని బీరు కాచుట ఆ యూరి ప్రాచీనాచారము. 1950 దశకమున అచ్చటి కడపటి బ్రూవరీ మూతపడెను. ఆ బీరు భూమిమీద లేకుండ పోయెను. పియెర్ సెలిస్ అను పాలుపోయువాడు ఆ యూరిలో నుండెను. చిన్ననాట అతడు పొరుగుననున్న ఆ బ్రూవరీలో పనులకు సాయపడినవాడు. పది సంవత్సరములు గడచినను ఆ రుచి అతని నాలుకను విడువలేదు. 1966లో అతడు తానే పాత్రలు సమకూర్చుకొని ఆ బీరును మరల కాచెను. నేడది దేశదేశములందు దొరకును. ఆ రుచి యెఱిగినవాడొకడు ఆ యూర మిగిలియుండుటచేతనే యిది సాధ్యమయ్యెను. అతడును మఱచియుండినచో, ఆ బీరు గ్రంథములలో పేరుగా మాత్రమే మిగిలియుండెడిది.

1971లో నలుగురు ఇంగ్లీషు మిత్రులు కూడి, పీపాలో సహజముగా పరిణమించు ప్రాచీనపు బీరును నిలుపుటకై ఒక సంఘము స్థాపించిరి. కామ్రా యను పేర నది నేటికిని పనిచేయుచున్నది. 1977లో మైకేల్ జాక్సన్ అను ఇంగ్లీషు రచయిత (ఇతడు పాటగాడైన జాక్సన్ కాడు) ప్రపంచపు బీరులను జాతులుగా విభజించి, ఒక్కొక్కదాని లక్షణము వ్రాసి గ్రంథము ప్రకటించెను. వ్యాకరణము పుట్టిన పిమ్మట భాషకు నిలుకడ కలిగినట్లు, ఆ లక్షణగ్రంథముచే బీరుజాతులకు నిలుకడ కలిగెను.

ఇక పరీక్షావిధానము. మా కుమారుడు కొలరాడో రాష్ట్రపు డెన్వరు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. నేనచ్చట నుండగా, ఇంట బీరు కాచుకొను అతని మిత్రుల కూటమునకు నన్ను తోడ్కొనిపోయెను. ఎనమండుగురము కూర్చుంటిమి. అందులో నొకడు వడ్రంగి, ఒకతె ఆసుపత్రి నర్సు, ఒకడు బడిపంతులు. సీసాలకు గుడ్డ చుట్టియుండిరి. ఎవరు కాచినదో తెలియరాదు. ఒక్కొక్క గ్లాసున రెండు మూడు గుక్కలకు మించి పోయలేదు. పలుచనిది ముందు, చిక్కనిది పిమ్మట. తక్కువ చేదుగలది ముందు, ఎక్కువ చేదుగలది పిమ్మట. నడుమ నడుమ మంచినీరును, ఉప్పులేని రొట్టెముక్కయు. మంచువలె చల్లనైన బీరు నాలుకను మొద్దుబార్చునని, సీసాలను శీతలపు పెట్టెనుండి తీసి కొంతసేపు బయట నుంచిరి.

ముందు కన్ను: వన్నె, తేట, నురుగు. తరువాత ముక్కు: గ్లాసును మెల్లగా త్రిప్పి, చిన్న చిన్న ఊపిరులతో ఆఘ్రాణించిరి. ఆ పిమ్మటనే గుక్క. దానిని నాలుకపై నలుదెసల పరచి మ్రింగి, కొంతసేపు మౌనముగా నుండిరి. ఎవరి కాగితముపై వారు వ్రాసికొనిన తరువాతనే మాటలు. ముందుగా మాటాడినవాని యభిప్రాయము తక్కినవారి నాలుకలపైకి ఎక్కకుండుటకై ఈ నియమము. మన సభలలో పెద్దలు ముందు మాటాడినచో చిన్నలు తలయూపుట యెఱిగినవారికి దీని విలువ తెలియును.

గుణములకు మార్కులు కలవు. 1985లో ఏర్పడిన బీరుపరీక్షకుల సంస్థవారి పట్టికలో మొత్తము 50 మార్కులు: వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటికి తగులు స్పర్శకు 5, సమగ్రమైన యభిప్రాయమునకు 10. ముప్పదియైదేండ్లు జవాబుపత్రములు దిద్దిన నాకు ఈ పట్టిక యెంతయో నచ్చినది. రూపమునకు మూడే మార్కు లుంచుట గమనింపదగినది. అందము చూచి మోసపోరాదని దాని భావము.

ఆ కూటమున వడ్రంగి కాచిన బీరునందు వెన్నవాసన యున్నదని నర్సు చెప్పెను. గుడ్డ విప్పి చూచిన పిమ్మట అది తనదని తెలిసికొని అతడు కోపింపలేదు, కలమందుకొని "ఎన్నిదినములు ఈస్టుపై నుంచవలసియుండెను?" అని అడిగెను. ఈస్టు తన పని చేయుచు డయాసిటిల్ అను వెన్నవాసనగల పదార్థమును పుట్టించును. కొంచెము వెచ్చదనమున ఇంకొన్నిదినములు ఉండనిచ్చినచో, ఆ యీస్టే దానిని మరల హరించును. తొందరపడి ఈస్టునుండి వేఱుచేసినచో వాసన మిగులును. ఇట్లే ఉడికిన మక్కకంకి వాసన యున్నచో మరిగించుట చాలలేదని యూహింతురు. పచ్చి ఆపిల్ వాసన యున్నచో పరిణామము పూర్తికాలేదని, తడిసిన అట్టవాసన యున్నచో గాలి సోకి పాతబడెనని గ్రహింతురు. హాప్‌నందలి చేదు పదార్థములు వెలుతురు సోకినచో కంపుకొట్టును. బీరుసీసాలు గోధుమవన్నెతో నుండుటకు కారణమిదియే. ఒక్కొక్క వాసన ఒక్కొక్క కారణమును చెప్పును. నాడిని చూచి వైద్యుడు రోగము చెప్పునట్లు, వాసనను బట్టి పరీక్షకుడు దోషము చెప్పును. డెన్మార్కున పుట్టిన మైల్‌గార్డ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1970 దశకమున ఇట్టి మాటలను నూటికి పైగా సేకరించి ఒక చక్రముగా కూర్చెను. ప్రపంచమందలి బీరుశాస్త్రజ్ఞులు నేటికిని ఆ చక్రమును వాడుచున్నారు.

మన షడ్రసములతో దీనిని పోల్చి చూతము. మాల్టు మధురము. హాప్ తిక్తము, అనగా చేదు. కటువన్నచో కారము, ఈ రెండుమాటలను తాఱుమాఱు చేయరాదు. వేయించిన యవలయందు చేదుతోపాటు కొంత కషాయము, అనగా వగరు, కలదు. ఆమ్లమునకు పులియబెట్టిన బీరులు కలవు. లవణము సయితము లేకపోలేదు: జర్మనీదేశపు గోసె యను పుల్లని బీరునందు ఉప్పు వేయుదురు. మద్యసారము హెచ్చుగా నున్నచో గొంతున తోచు వేడిమిని కటువనవచ్చును. రసము తోచిన పిమ్మట లీలగా తోచు రెండవ రుచికి మన వైద్యశాస్త్రమున అనురసమని పేరు. గుక్క మ్రింగి మౌనముగానున్న ఆ యెనమండుగురు వెదకుచున్నది ఆ యనురసమునే యని నాకు తోచెను.

చివరకు బెల్జియమునుండి తెచ్చిన గూజ్ అను బీరును పోసిరి. దానిని నోట నుంచగానే నేను ఉలికిపడితిని. పులుపు, వగరు, గడ్డివాము వాసన, సన్నని పొంగు: దూరమైనను ఇది మన ప్రొద్దెక్కిన తాటికల్లుకు బంధువే. ఆ బంధుత్వమునకు కారణము కలదు. తక్కిన బీరులయందు తామెంచుకొనిన ఈస్టును వేయుదురు. 1883లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఒక్క కణమునుండి శుద్ధమైన యీస్టును పెంచుటతో ఆ పద్ధతి స్థిరపడెను. బ్రసెల్సు ప్రాంతమున, సెన్ నదీతీరమున కాచు లాంబిక్ మాత్రము అట్టిది కాదు. చలికాలపు రాత్రులయందు మరిగిన రసమును వెడల్పైన తొట్టెలలో నుంచి, గాలికి తెఱచి విడుతురు. గాలియందును, ఆ కట్టడపు దూలములయందును, చెక్కపీపాలయందును నున్న సూక్ష్మజీవులే దానిని పులియించును. ఒకటి మొదలు మూడేండ్ల వయసుగల లాంబిక్కులను కలిపి సీసాలకెక్కించినచో గూజ్ అగును.

మన లొట్టిలో జరుగునదియు నిదియే కదా! తాటిగెలను పొరపొరగా చెక్కి లొట్టి కట్టుదురు. ఈతచెట్టునకు మొవ్వు క్రింద కాండమునే చెక్కుదురు. దిగిన రసమున పదవవంతునకు పైగా చక్కెర యుండును. లొట్టిగోడయందును, గాలియందును నున్న ఈస్టు తక్షణమే పని ప్రారంభించును. లోపల సున్నము పూసినచో ఆ పని ఆగి నీరా నిలుచును. సున్నము లేనిచో కొన్నిగంటలలోనే నాలుగైదు శాతము మద్యసారముగల కల్లగును. మఱునాటికి పులిసి సిర్కావైపు నడచును. లాంబిక్ మూడేండ్లలో నడచు దారిని మన కల్లు ఒక్కదినమున నడచును. కావుననే అది దూరదేశములకు పోజాలదు; దాని న్యాయాధిపతి చెట్టుక్రింద నిలిచినవాడే.

"మీ దేశపు కల్లుకు ఎన్ని పేర్లున్నవి?" అని వారు నన్నడిగిరి. తాటికల్లు, ఈతకల్లు వేఱనియు, పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అను భేదములు కలవనియు, ఉదయపుది వేఱు, సాయంకాలపుది వేఱనియు చెప్పితిని. చెట్టును బట్టి, గాలిని బట్టి, లొట్టిని బట్టి రుచి మాఱుననియు, చూడకయే "ఇది ఫలానా చెట్టుది" అని చెప్పగల వృద్ధులను నే నెఱుగుదుననియు చెప్పితిని. వారు శ్రద్ధగా వ్రాసికొనిరి. అటుపిమ్మట నర్సు, "ఆ వృద్ధులు చెప్పిన మాటలను ఎవరైన వ్రాసియుంచిరా?" అని యడిగెను. ఆమెకు చూపుటకు నాయొద్ద ఒక్క పుటయైనను లేకపోయెను.

సోదరులారా, ఆ ప్రశ్నను మీ యెదుట నుంచుటకే నేను వచ్చితిని. మోకు, ముత్తాదు, గుజి, కత్తి, లొట్టి: ఈ పేర్లు పనిముట్లతోపాటు నిలిచియున్నవి. రుచుల పేర్లు మాత్రము వృద్ధులతోపాటు రాలిపోవుచున్నవి. రుచి తెలిసినవారు తగ్గినచోట దొంగసరకు ప్రవేశించును. కల్లుపేరిట క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రజోలం అను నిద్రమందులు కలిపిన నీళ్ళు అమ్ముట మన ప్రాంతమున ఎంతటి యనర్థము తెచ్చెనో మీ రెఱుగనిది కాదు. ఆ మందులకు అలవాటుపడినవారు, అవి దొరకనినాడు వణకుతోను, మూర్ఛతోను ఆసుపత్రుల పాలగుదురు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్లు త్రాగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ సీసాలపై కల్లను పేరుండెను. పోయిన మర్యాద చెట్టెక్కి ప్రాణములకు తెగించి గీయు మనవారిది.

నాలుక సర్వము కనిపెట్టునని నేను చెప్పను. అల్ప్రజోలంవంటి మందు కొంచెము కలిపినను నాలుకకు అందకపోవచ్చును. దానికి ప్రయోగశాలయే శరణ్యము. కాని నిజమైన కల్లు రుచి యెఱిగినవాడు చక్కెరనీళ్ళను కల్లని యొప్పుకొనడు. ఒప్పుకొనని వారు పదిమంది యున్న దుకాణమున దొంగసరకు నిలువదు. నిషా యొక్కటియే కోరువానికి ఏది పోసినను ఒక్కటే. రుచి కోరువానికి ఒక్క లొట్టి చాలును. త్రాగుడును తగ్గించునది రుచిజ్ఞానమే యని నేను నమ్ముచున్నాను.

ఈ మహాసభవారికి నావి నాలుగు మనవులు.

మొదటిది: ప్రతి గ్రామపు గీతసంఘమందును ఒక పుస్తకము తెఱువవలెను. చెట్టు, కోసిన వేళ, లొట్టి మన్నుదియా కాదా, నాటి గాలివాన, కల్లు వన్నె, వాసన, రుచి, అనురసము అని గడులు గీచి వ్రాయవలెను. వ్రాయరాని పెద్దలు చెప్పగా బడికిపోవు మనుమలు వ్రాయవలెను. పిల్లలకు కలమే చాలును, గ్లాసక్కఱలేదు.

రెండవది: నెలకొకమాఱు అనుభవజ్ఞులు కూడి, పేర్లు మఱుగుపఱచి రుచి చూడవలెను. మూడు గ్లాసులలో రెండింట ఒకే కల్లును, ఒకదాన వేఱు కల్లును పోసి, వేఱైనది యేదో చెప్పుమని యడుగుట బీరుశాస్త్రజ్ఞులు ఎంచుకొనిన గొప్ప పరీక్ష. 1940 దశకమున కార్ల్స్‌బర్గ్‌వారు దానిని వాడుకలోనికి తెచ్చిరి. దీనికి మూడు గ్లాసులును, కండ్లకు గంతయు చాలును.

మూడవది: ఆడవారిని ఈ పరీక్షలకు పిలువవలెను. కల్లు అమ్మి యిల్లు నడపిన మన తల్లుల నాలుక యెవరికిని తీసిపోదు.

నాల్గవది: పోషకమహాశయులు ఈ పుస్తకములలోని మాటలను కూర్చి ఒక చిన్న పదకోశమును అచ్చువేయించవలెను. 2023లో హైదరాబాదు నెక్లెసు రోడ్డున నీరా కేఫ్ వెలసినది. నాళ్ళు గడచినకొలది నీరాకును, మంచి కల్లుకును పట్టణములలో గిరాకి పెరుగవచ్చును. ఆనాడు "మీ సరకు గుణమేమి?" అని యడిగినవానికి చూపుటకు మనకొక పుస్తకము కావలెను.

హూగార్డెన్ ఊరి రుచిని ఒక పాలుపోయువాడు నాలుకపై మోసెను. మన రుచిని మోయుచున్న పెద్దలు ఇంకను మన యూళ్ళలో నున్నారు. ఈ మహాసభనుండి ఇండ్లకు చేరిన పిమ్మట, మీలో నొక్కొక్కరు మీ యూరిలో మిక్కిలి వృద్ధుడైన గీతకాని యొద్ద కూర్చుండి, అతడు చెప్పినది ఒక్క పుట వ్రాసి సంఘమునకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.